మీ భుజానికి పదికి ఎన్ని?

2021 మార్చి 23, పుణె. ఇంగ్లండ్‌తో తొలి వన్డే, ఎనిమిదో ఓవర్. శార్దూల్ ఠాకూర్ బౌలింగ్‌లో బెయిర్‌స్టో కొట్టిన బంతిని ఆపబోయి శ్రేయస్ అయ్యర్ నేల మీదికి దూకాడు. లేచేటప్పటికి ఎడమ భుజం పట్టుకుని ఉన్నాడు. ఆ నొప్పితోనే మైదానం వదిలాడు. ఏప్రిల్ 8న ఆపరేషన్ అయింది. మళ్లీ బ్యాటు పట్టి పోటీ మ్యాచ్‌లో దిగింది సెప్టెంబరు 22న, దుబాయ్‌లో, మన సన్‌రైజర్స్ హైదరాబాద్ మీదే. 47 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. ఈలోగా ఢిల్లీ జట్టు పగ్గాలు పంత్ చేతికి వెళ్లిపోయాయి.

ఆపరేషన్ నుంచి ఆ మ్యాచ్ దాకా లెక్కేస్తే 167 రోజులు. జారే భుజానికి చేసే ఆపరేషన్ మామూలుగా గంట, గంటన్నర పని. మరి మిగతా రోజులన్నీ ఏమైనట్టు? ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండానే చాలామంది ఆపరేషన్ బల్ల ఎక్కేస్తారు. వాళ్లు డాక్టరును అడిగే ప్రశ్న వేరే ఉంటుంది: "సక్సెస్ రేటు ఎంత సార్?" దానికి వచ్చే జవాబూ ఎప్పుడూ ఒకటే: "తొంభై శాతం." ఆ తొంభై అబద్ధం కాదు. కానీ అది ఎవరి తొంభై? పందొమ్మిదేళ్ల కబడ్డీ కుర్రాడిదా, బైకు మీంచి పడ్డ ముప్పై ఆరేళ్ల బ్యాంకు ఉద్యోగిదా? ఇద్దరి భుజాలూ ఒకేలా జారినా ఇద్దరి లెక్కా ఒకటి కాదు.

ముందు ఆ కీలు ఎలా ఉంటుందో చూద్దాం. బడిలో నిమ్మకాయ–చెంచా పందెం ఆడనివాళ్లుండరు. భుజం కీలు అచ్చం అదే. దండచేతి ఎముక పైకొస నిమ్మకాయ. రెక్క ఎముక అంచున ఉన్న లోతు తక్కువ గుంట చెంచా. తుంటి కీలయితే గిన్నెలో పెట్టిన లడ్డూ లాంటిది, సగానికి పైగా లోపలే ఉంటుంది. భుజంలో మాత్రం ఏ క్షణంలో చూసినా బంతిలో 25–30 శాతమే గుంటకు ఆని ఉంటుంది. ఒంట్లో మరే కీలూ తిరగనన్ని వైపులకు చెయ్యి తిరిగేది అందుకే. పెద్ద కీళ్లలో ఏది జారినా రెండింట ఒకటి భుజమే కావడమూ అందుకే.

గుంట లోతు పైనుంచి కిందికి సుమారు 9 మిల్లీమీటర్లు, ముందునుంచి వెనక్కి 5 మిల్లీమీటర్లు. అందులో సగం ఎముకది కాదు. గుంట చుట్టూ రబ్బరు వాషర్‌లా అంటుకుని ఉండే లాబ్రమ్ అనే పట్టీది. దానికే ముందువైపు నరాల్లాంటి గట్టి పట్టీలు, అంటే లిగమెంట్లు, అతుక్కుని ఉంటాయి. నిమ్మకాయ దొర్లిపోకుండా చెంచాకు కాస్త అంచు కట్టినట్టన్నమాట. భుజం జారినప్పుడు నూటికి తొంభై అయిదుసార్లకు పైగా బంతి ముందుకే జారుతుంది. పోతూ పోతూ ఆ అంచును ఊడబెరుకుతుంది. దీన్నే బ్యాంకార్ట్ గాయం అంటారు. లండన్ సర్జన్ బ్లండెల్ బ్యాంకార్ట్ 1923లో దీని మీద వ్యాసం రాశాడు కాబట్టి ఆ పేరు.

గాయం రెండో వైపూ ఉంటుంది. బయటికి జారిన బంతి వెనక భాగం గుంట అంచుకు గుద్దుకుని సొట్ట పడుతుంది. 1940లో శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన హిల్, శాక్స్ అనే ఇద్దరు ఎక్స్‌రే డాక్టర్లు దీన్ని వివరించారు. అందుకే హిల్–శాక్స్ సొట్ట. అంటే ఒక్కసారి జారితే అంచు ఊడుతుంది, నిమ్మకాయకు సొట్ట పడుతుంది. పదే పదే జారితే చెంచా అంచే అరిగిపోతుంది. ఈ మూడో ముక్క దగ్గరికి మళ్లీ వస్తాను. కథంతా అక్కడే ఉంది.

ఒక పక్కమాట. వెనక్కి జారే భుజాలు వందకు రెండు నుంచి నాలుగు. అవి ఎక్కువగా మూర్ఛ వచ్చినప్పుడో, కరెంటు షాకు కొట్టినప్పుడో జారతాయి. ముందునుంచి తీసిన ఒక్క ఎక్స్‌రేలో తరచూ దొరకవు కూడా. మూర్ఛ ఉన్నవాళ్లకు ముందు ఫిట్స్ అదుపులోకి రావాలి. లేకపోతే ఎంత మంచి కుట్టయినా ఒక్క ఫిట్‌కు తెగుతుంది.

ఇక అసలు సంగతి. ఒకసారి జారిన భుజం మళ్లీ జారుతుందా?

దీనికి ఆస్పత్రి గోడల మీద రాసిపెట్టదగ్గ అధ్యయనాలు రెండున్నాయి. ఒకటి ఎడింబరోది, 2006లో అచ్చయింది. తొలిసారి ముందుకు జారిన, 15 నుంచి 35 ఏళ్ల మధ్య వయసున్న 252 మందిని వెంటబడి గమనించారు. ఆపరేషన్ లేకుండా వదిలేస్తే రెండేళ్లలో 55.7 శాతం మందికి, అయిదేళ్లకు 66.8 శాతం మందికి భుజం నిలకడ తప్పింది. తేడా గమనించారా? మొదటి రెండేళ్లలోనే 55 దాటింది, తర్వాత మూడేళ్లకు కలిసింది 11. భుజం మళ్లీ జారాలంటే తొందరగానే జారుతుంది. రెండేళ్లు క్షేమంగా గడిచిందంటే చాలామటుకు గండం గడిచినట్టే.

రెండోది స్వీడన్‌ది. లెన్నార్ట్ హొవెలియస్ అనే సర్జన్ 1978–79లో భుజం జారినవాళ్లను 25 ఏళ్లు వదలకుండా పట్టుకున్నాడు. అందరూ అప్పటికి 40 ఏళ్లు దాటనివాళ్లే. 229 భుజాల్లో 99 మళ్లీ ఒక్కసారి కూడా జారలేదు, అంటే 43 శాతం. 17 ఒక్కసారి జారి ఊరుకున్నాయి. 33 పదే పదే జారి, ఏళ్లు గడిచేకొద్దీ వాటంతటవే కుదురుకున్నాయి. ఆపరేషన్ దాకా వెళ్లినవి 62. భుజం జారిందనగానే కోతకు పరుగెత్తేవాళ్లకు ఈ అంకెలు చూపించాలి. ఎన్నిసార్లు జారినా "అదే సర్దుకుంటుందిలే" అని పన్నెండో తరగతి నుంచి పెళ్లి దాకా నెట్టుకొచ్చేవాళ్లకు ఎడింబరో అంకెలు చూపించాలి.

హొవెలియస్ దగ్గర మన ఊళ్లకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. సగం మందికి మూడు నాలుగు వారాలు చెయ్యి కట్టి ఉంచాడు. మిగతావాళ్లకు నొప్పి తగ్గగానే కట్టు విప్పేశాడు. పాతికేళ్ల తర్వాత చూస్తే మళ్లీ జారడంలో తేడా లేదు. కట్టు మంచిదా కాదా అన్నది మనకు పెద్ద చర్చ. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాళ్లుంటారా? కానీ భుజం విషయంలో కట్టు ఎవరు కట్టారు, ఎన్నాళ్లు కట్టారు అన్నదాన్ని బట్టి ఊడిన లాబ్రమ్ తన చోటికి రాదు. కట్టు నొప్పికి. జారినదాన్ని లోపలికి తొయ్యడం మాత్రం ఎక్స్‌రే చూశాకే జరగాలి. ఎముక విరిగి ఉంటే లాగుడు ఆ పగులును పెంచుతుంది, భుజం చుట్టూ తిరిగే నరాన్ని దెబ్బతీస్తుంది. లోపలికి తోసే విద్య పాతదే. భుజం కీలు తప్పితే చంక కింద రోకలి పెట్టి పైకెత్తాలని, సర్దుకున్నాక కట్టు కట్టాలని సుశ్రుత సంహిత చెబుతోంది. చంకలో మడమ ఆనించి చెయ్యి లాగే పద్ధతి హిప్పోక్రటీస్ పేరున ఇప్పటికీ చెలామణిలో ఉంది.

అంకెలన్నిటిలో పెద్దది వయసు. ఇరవై లోపు జారిన భుజానికి మళ్లీ జారే గుణం ఎక్కువ. నలభై దాటాక ఆ భయం బాగా తగ్గుతుంది, కానీ అప్పుడు కండర తాళ్లు తెగే ప్రమాదం ముందుకొస్తుంది. కాబట్టి యాభై ఏళ్ల మనిషికి భుజం జారి, లోపలికి వెళ్లాక కూడా రెండు మూడు వారాల్లో చెయ్యి పైకి లేవకపోతే వెతకాల్సింది లాబ్రమ్‌ని కాదు, ఆ తాళ్లను.

మా అక్క కొడుకు సంగతి చెబితే మిగతాది తేలికవుతుంది. పందొమ్మిదేళ్లవాడు, కాలేజీ కబడ్డీ జట్టు ఆటగాడు. మొదటిసారి రైడర్ నడుం పట్టబోయి కుడి భుజం జార్చుకున్నాడు. నలుగురు పట్టుకుని మోసుకొచ్చారు. ఆర్నెల్లకు మళ్లీ కోర్టులోనే జారింది. మూడోసారి ఆటా లేదు, దెబ్బా లేదు. కారు ముందుసీట్లో కూర్చుని వెనకసీట్లో బ్యాగు అందుకోబోయాడు, అంతే. చెయ్యి పక్కకు లేచి వెనక్కి తిరిగే ఆ భంగిమే భుజానికి ప్రాణాంతకం. వాలీబాల్ స్మాష్‌కు చెయ్యెత్తినప్పుడు, ఆర్టీసీ బస్సులో పై కడ్డీ పట్టుకున్నవాడు సడన్ బ్రేకుకు ఊగినప్పుడు కూడా అదే భంగిమ. జారడానికి కావలసిన బలం ఒక్కో విడతకూ తగ్గుతూ వచ్చిందంటే లోపల అరుగుదల పెరుగుతూ వచ్చిందని అర్థం.

డాక్టరుగారు ఎక్స్‌రే లైటుకు పెట్టి, కాగితం మీద అంకెలు వేశారు. నేను మార్కులేమో అనుకున్నాను. నిజంగానే మార్కులవి, కాకపోతే ఈ పరీక్షలో తక్కువ వస్తేనే మంచిది.

ఫ్రాన్స్‌లో నీస్ నగరపు సర్జన్ పాస్కల్ బొయ్లో, కెనడా సర్జన్ ఫ్రెడెరిక్ బాల్గ్ 2007లో ఈ పట్టిక ఇచ్చారు. కీహోల్ పద్ధతిలో లాబ్రమ్ కుట్టించుకున్న 131 మందిని గమనించారు. నూటికి పద్నాలుగు మందికి పైగా మళ్లీ జారింది. ఎవరికి జారిందో విడదీసి చూస్తే ఆరు లక్షణాలు తేలాయి. ఆపరేషన్ నాటికి వయసు ఇరవై లేదా అంతకు తక్కువైతే 2. ఆట సరదాకి కాక పోటీలకు ఆడితే 2. అది ఒళ్లూ ఒళ్లూ తగిలే ఆటో, చెయ్యి తలపైకి లేపి బలంగా విసిరే ఆటో అయితే 1. కీళ్లు పుట్టుకతోనే వదులుగా ఉంటే 1. చెయ్యి బయటికి తిప్పి తీసిన ఎక్స్‌రేలో బంతి సొట్ట కనిపిస్తే 2. గుంట కింది అంచు గీత చెరిగిపోయి కనిపిస్తే 2. మొత్తం 10.

మూడు, అంతకు తక్కువ వస్తే కుట్టాక మళ్లీ జారే అవకాశం 5 శాతం. ఆరు వరకు అయితే 10 శాతం. ఆరు దాటితే? 70 శాతం. పది నుంచి పదిహేనుకో, ఇరవైకో కాదు, ఒక్కసారిగా డెబ్బైకి. అందుకే నేనీ పట్టికను ఇంతసేపు చెబుతున్నాను.

మావాడి లెక్క చూడండి. వయసుకు 2, పోటీ ఆటకు 2, కబడ్డీకి 1, ఎక్స్‌రేలో సొట్టకు 2. ఏడు. ఇందాకటి బ్యాంకు ఉద్యోగికి వయసుకు సున్నా, ఆటకు సున్నా, సొట్ట ఉందనుకుంటే 2. రెండే. ఒకే ఆపరేషన్, ఒకే సర్జన్, ఒకే బల్ల. ఒకరికి ఇరవైలో ఒకసారి వికటిస్తుంది, ఇంకొకరికి పదిలో ఏడుసార్లు. ఆ "తొంభై శాతం" ఈ ఇద్దరిని కలిపి తీసిన సగటు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఈ మార్కులు ఆపరేషన్ కావాలా వద్దా అని చెప్పవు. కుట్టు మాత్రమే వేస్తే నిలుస్తుందా అని చెబుతాయి. ఆ ఉద్యోగికి ఒక్కసారే జారి ఉంటే, ఫిజియోతో కండ బలం పెంచుకుని ఆపరేషన్ లేకుండానే బతికేయొచ్చు.

తర్వాత సీటీ స్కాన్. ఎమ్మారైలో లాబ్రమ్ బాగా కనిపిస్తుంది, ఎముక ఎంత పోయిందో కొలవడానికి సీటీ నయం. రెండూ ఎందుకు రాశారని మా బావ గొణిగాడు కానీ, అది దండగ ఖర్చు కాదు. 2000 సంవత్సరంలో అమెరికా సర్జన్ బర్క్‌హార్ట్, దక్షిణాఫ్రికా సర్జన్ డి బీర్ కలిసి 194 కీహోల్ కుట్ల ఫలితం ప్రకటించారు. ఎముక పెద్దగా పోనివాళ్లలో మళ్లీ జారింది 4 శాతానికి. ఎముక బాగా పోయినవాళ్లలో 67 శాతానికి. రగ్బీలాంటి ఆటలు ఆడేవాళ్లను విడిగా తీస్తే ఎముక బాగున్నవాళ్లలో 6.5, పోయినవాళ్లలో 89. చెంచా అంచు విరిగాక రబ్బరు పట్టీ ఎంత గట్టిగా అతికించినా నిమ్మకాయ ఆగదు.

ఎంత పోతే "బాగా పోయినట్టు"? చాలాకాలం 20–25 శాతం దాటితేనే భయపడాలన్నారు. అమెరికా సైనికుల మీద 2015లో వచ్చిన పరిశీలన ఆ గీతను కిందికి దించింది. 13.5 శాతం పోయినా, మళ్లీ జారకపోయినా, భుజం మీద నమ్మకం మాత్రం రావడం లేదని చెప్పింది. శాతాల్లో చెబితే ఎంతో అనిపిస్తుంది. గుంట వెడల్పు 25 మిల్లీమీటర్లు అనుకుంటే 20 శాతమంటే 5 మిల్లీమీటర్లు, ఒక పెసరగింజంత. 13.5 శాతమంటే మూడున్నర కూడా లేదు. ఆ పెసరగింజ మీద ఆధారపడి రెండు పూర్తిగా వేరే ఆపరేషన్లున్నాయి.

మొదటిది బ్యాంకార్ట్ కుట్టు. బ్యాంకార్ట్ భుజం తెరిచి చేసేవాడు. 1938లో 27 మందికి చేసి ఎవరికీ మళ్లీ జారలేదని రాశాడు. ఇప్పుడు సెంటీమీటరు కూడా లేని మూడు కంతల్లోంచి, కెమెరా గొట్టంతో చేస్తున్నారు. లోపలంతా సెలైన్ నీళ్లు నింపి కీలును ఉబ్బించి, టీవీ తెర మీద చూస్తూ చేసే పని. ఊడి కిందికి జారి అతుక్కుపోయిన లాబ్రమ్‌ను ముందు విడదీస్తారు. గుంట అంచు ఎముకను రక్తం చెమర్చేలా గీకుతారు, అతకాలంటే రక్తం కావాలి కదా. తర్వాత ఆ అంచున సుమారు మూడు మిల్లీమీటర్ల మేకులు దిగ్గొడతారు. వీటిని యాంకర్లంటారు. ఒక్కో యాంకర్‌కు దారాలుంటాయి. ఆ దారాలతో లాబ్రమ్‌ను పైకి లాగి, మళ్లీ అంచు కట్టినట్టు ముడి వేస్తారు. గుంటను గడియారం అనుకుంటే కుడి భుజంలో మేకులు ముఖ్యంగా పడేది అయిదున్నర, నాలుగున్నర, మూడు గంటల చోట్ల. అన్నిటికన్నా కష్టం అయిదున్నర దగ్గరిది, చెయ్యి చాలదు. అన్నిటికన్నా అవసరమూ అదే. మేకుల సంఖ్య కూడా చిన్న విషయం కాదు. బొయ్లో బృందమే 2006లో తేల్చిన మాట, మూడు లేదా అంతకు తక్కువ యాంకర్లు వేసినవాళ్లలో వైఫల్యం ఎక్కువని. బిల్లులో యాంకర్ల ధరే పెద్ద పద్దు. ఎన్ని వేస్తారు, ఏ రకం అని ముందే అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

బంతికి సొట్ట పెద్దదైతే దీనికి ఇంకొకటి కలుపుతారు. వెనకవైపు కండర తాడును తెచ్చి ఆ సొట్టలో కూరి కుట్టేస్తారు. రాంప్లిసాజ్ అని దాని పేరు, ఫ్రెంచిలో పూడ్చడమని అర్థం. గతుకు పూడ్చితే బంతి గుంట అంచుకు చిక్కుకోదు. కెనడా డాక్టర్లు 2021లో చీటీలు వేసి పంచినట్టు రోగులను రెండు గుంపులు చేసి చూశారు. కుట్టు ఒక్కటే వేసిన గుంపులో 18 శాతానికి మళ్లీ జారింది, పూడ్చిన గుంపులో 4 శాతానికి.

రెండోది లతర్జే. 1954లో ఫ్రాన్స్‌లో లియోన్‌కు చెందిన మిషెల్ లతర్జే చెప్పిన పద్ధతి. రెక్క ఎముకకే ముందువైపు కాకిముక్కులా ఒక కొమ్ము పొడుచుకుని ఉంటుంది. దాన్ని అతుక్కున్న కండరాలతో సహా కోసి, అరిగిన గుంట అంచుకు తెచ్చి రెండు స్క్రూలతో బిగిస్తారు. చెంచాకు కొత్త అంచు వస్తుంది. అంతేకాదు, చెయ్యి ఎత్తి వెనక్కి తిప్పినప్పుడల్లా ఆ కండరం బంతి ముందు ఉయ్యాలలా బిగుసుకుని అడ్డం పడుతుంది. జారే భంగిమలోనే ఎక్కువ పట్టు. ఇంత తెలివైన ఏర్పాటు ఆర్థోపెడిక్స్‌లో మరొకటి ఉందో లేదో. మావాడికి ఏడు మార్కులు కాబట్టి ఇదే చేశారు.

అలాగని అందరికీ ఇదే చేయించెయ్యొచ్చు కదా అంటే, దీనికీ ధర ఉంది. 1,904 లతర్జే భుజాల లెక్కలు కలిపి 2013లో వేసిన సమీక్షలో చిన్నా పెద్దా కలిపి ఇబ్బందులు 30 శాతం, మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కినవాళ్లు 7 శాతం. పూర్తిగా మళ్లీ జారినవి మాత్రం 2.9 శాతమే. అతుకు పడకపోవడం, స్క్రూ గుచ్చుకోవడం, నరానికి దెబ్బ లాంటివన్నీ అందులో ఉన్నాయి. చేయి తిరిగిన సర్జన్ కావాలి.

నిప్పు సంగతి చెప్పకుండా వదలలేను. పదే పదే జారే భుజానికి చంకలో ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టమన్నాడు హిప్పోక్రటీస్. మచ్చ బిగుసుకుంటే కీలు బిగుస్తుందని ఆయన లెక్క. నవ్వకండి. 1990లలో మహా ఆధునికంగా కీహోల్ గొట్టంలోంచి వేడి పుల్ల పెట్టి కీలు సంచిని కాల్చి ముడిచే పద్ధతి వచ్చింది. కొన్నాళ్లు బాగా నడిచింది. తర్వాత భుజాలు మళ్లీ జారాయి, కొందరిలో కీలు గుజ్జు కరిగిపోయింది. దాన్ని వదిలేశారు.

ఇప్పుడు ఆ 167 రోజుల దగ్గరికి.

మెడ పక్కన ఇచ్చిన మత్తు ఇంజెక్షన్ వల్ల ఆపరేషన్ అయిన రోజు చెయ్యి తనది కాదన్నట్టు పడి ఉంటుంది, పన్నెండు నుంచి పద్దెనిమిది గంటలు. "నొప్పే లేదు" అని మందులు మానేసినవాళ్లకు తెల్లవారుజామున చుక్కలు కనిపిస్తాయి. మత్తు దిగకముందే మాత్ర పడాలి. తొలి వారం వెల్లకిలా పడుకోవడం కుదరదు, వాలుకుర్చీలోనో నాలుగు దిళ్లకు ఆనుకునో నిద్ర. మోచెయ్యి భుజం కన్నా వెనక్కి వాలకుండా దాని కింద ఒక చిన్న దిండు పెట్టాలి.

స్లింగ్ మూడు నుంచి ఆరు వారాలు. దానిలో ఉన్నా వేళ్లూ మణికట్టూ మొదటి రోజు నుంచే ఆడించాలి. స్నానమప్పుడు చంక కడుక్కోవడం ఒక విద్య. చెయ్యి ఎత్తకూడదు కదా, అందుకని నడుం వంచి ముందుకు వాలాలి. చెయ్యి ఏనుగు తొండంలా వేలాడుతుంది, చంక దానంతటదే తెరుచుకుంటుంది. చొక్కా తొడిగేటప్పుడు ఆపరేషన్ చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. టీషర్టులు రెండు నెలలు బీరువాలో పెట్టాల్సిందే. మావాడు కుడిచేతివాటం. స్పూనుతో ఎడంచేత్తో పప్పన్నం తినలేక మూడు రోజులు అలిగాడు. ఫిజియో ఒప్పుకున్నాక మా అక్క ఒక ఉపాయం చేసింది. ఎత్తు స్టూలు మీద కంచం పెట్టి ఛాతీ దాకా తెచ్చింది. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి పెట్టుకునే కలుపుకుని తిన్నాడు.

మొదటి ఆరు వారాలు చెయ్యి ముందుకు ఎత్తడం భుజం మట్టం వరకే, బయటికి తిప్పడం సర్జన్ గీసిన గీత వరకే. అదీ చాలామటుకు రెండో చేతి సాయంతో. ఆరో వారం నుంచి సొంత బలంతో కదలిక. పన్నెండో వారం దాకా బరువుల మాట లేదు. లతర్జే అయితే అతికించిన ఎముకకు అంటుకున్న కండరం మోచెయ్యి మడిచేదే కాబట్టి, నీళ్ల బిందె ఎత్తడం లాంటిది మొదటి ఆరు వారాల్లో అసలు చెయ్యకూడదు. కీబోర్డు పని రెండు మూడు వారాల్లో మొదలవుతుంది. కారు నడపడం ఆరు నుంచి ఎనిమిది వారాలకు. బైకు ఇంకా తర్వాత, గుంతల రోడ్డులో హ్యాండిల్ కుదుపంతా భుజానికే కదా.

ప్రమాదం ఎక్కడుందంటే ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య. అయిదో వారంలో మావాడు అడిగాడు: "మావయ్యా, నొప్పే లేదు, ఈ సంచీ ఎందుకు ఇంకా?" నొప్పి పోయేది కోత మానినందుకు. లాబ్రమ్ ఎముకకు అతకడం మూడు నెలల పని. ఈ మధ్య కాలంలో భుజాన్ని కాసేది దారాలూ మేకులే. కూలీ పనికి వెళ్లకపోతే పొయ్యి వెలగని మనిషికి ఈ ఆరు వారాలే అసలు కష్టం. చెయ్యి బాగానే ఉన్నట్టుంటుంది, సిమెంటు బస్తా పిలుస్తుంటుంది. ఆపరేషన్‌కు ఖర్చెంత అని లెక్కేసేటప్పుడు పని లేని మూడు నాలుగు నెలల కూలీనీ అందులో కలుపుకోవాలి. డాక్టర్లు ఈ అంకె ఎప్పుడూ రాసివ్వరు.

మూడు నెలలకు రబ్బరు బ్యాండ్లు, గోడకు ఆని దండీలు, పరుగు. లతర్జేకు ఈ సమయంలో అతుకు పడిందో లేదో సీటీ తీసి చూస్తారు. దెబ్బలు తగిలే ఆటకు ఆరు నెలలంటారు కానీ, క్యాలెండర్ ఒక్కటే చాలదు. బాగున్న చేతి బలంలో కనీసం 90 శాతం వచ్చిందా అని కొలుస్తారు, పడేలా తోసి చూస్తారు. చివరగా వచ్చే కదలికలు రెండు. చెయ్యి వీపు వెనక్కి పోవడం, అంటే ప్యాంటు వెనక జేబు, ఆడవాళ్లకు జడ, జాకెట్టు హుక్కు. రెండోది పూర్తిగా బయటికి తిప్పడం. ఇందులో కొన్ని డిగ్రీలు ఎప్పటికీ రాకపోవచ్చు. బౌలర్‌కు అది పెద్ద నష్టం, మిగతావాళ్లకు గుర్తు కూడా రాదు.

ఆటకు ఎంతమంది తిరిగొస్తారు? కీహోల్ కుట్టు మీద 2018లో వేసిన సమీక్షలో 81 శాతం మంది మళ్లీ ఆడారు. కానీ దెబ్బకు ముందున్న స్థాయికి చేరింది 66 శాతమే. ఆ రెండు అంకెల మధ్య ఉన్న పదిహేను మందిలో కొందరికి భుజం తక్కువైంది, కొందరికి ధైర్యం తక్కువైంది. మోకాలి ఆపరేషన్‌కు లాగే దీనికీ ఆ భయాన్ని కొలిచే ప్రశ్నావళి ఉంది, మన దగ్గర వాడేవాళ్లు అరుదు.

అరుగుదల సంగతి కూడా దాచకూడదు. హొవెలియస్ పాతికేళ్ల తర్వాత ఎక్స్‌రేలు తీస్తే 44 శాతం భుజాలే మామూలుగా ఉన్నాయి. 29 శాతంలో కొద్దిగా, 9 శాతంలో ఓ మోస్తరుగా, 17 శాతంలో తీవ్రంగా అరిగాయి. రెండోసారి జారనివాళ్లలోనూ కొందరికి అరుగుదల వచ్చింది. తొలి దెబ్బే కీలు గుజ్జును ఎంతో కొంత నలిపేస్తుంది. దాన్ని ఏ ఆపరేషనూ వెనక్కి తేలేదు.

శ్రేయస్ అయ్యర్ ఆ నవంబరు 25న కాన్పూర్‌లో తొలి టెస్టు ఆడటానికి దిగాడు. ఆ ఇన్నింగ్స్‌లో 105 కొట్టాడు. ఆపరేషన్ జరిగి అప్పటికి ఏడున్నర నెలలు. మావాడికి ఇప్పుడు ఎనిమిదో నెల. కోర్టులోకి దిగాడు, రైడింగ్‌కు వెళుతున్నాడు, కార్నర్‌లో నిలబడి పట్టడం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు. మొన్న వాడితో సిటీ బస్సెక్కాను. సీట్లు లేవు. పై కడ్డీ ఎడంచేత్తో పట్టుకున్నాడు. ఏరా అన్నట్టు చూశాను. ఒక స్టాపు దాటాక చెయ్యి మార్చాడు.